నీళ్లు ఆవిరైపోతాయి, మరి ఉప్పు?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉప్పు మీదే ఉన్నాయి. చెన్నై ఎండల్లో అంతకంటే వేరే ఏం గుర్తొస్తుంది లెండి! రిటైరయ్యేదాకా వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లోనే పనిచేశాను కాబట్టి ఈ ప్రశ్నలు నాకు ఇష్టమైనవి. ల్యాబ్‌కి శాంపిల్ తెచ్చినవాళ్లంతా "ఇందులో ఉప్పు ఎంత?" అనే అడిగేవారు. ఈ నీరు ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ దారిన పోతోంది అని అడిగినవాళ్లు తక్కువ. అసలు సంగతంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంటుంది.

ప్రశ్న: మా వాడు ఎనిమిదో తరగతి. "అమ్మా, గోదావరి, కృష్ణ, గంగ అన్నీ రోజూ మంచినీళ్లే తెచ్చి సముద్రంలో పోస్తున్నాయి కదా, ఇన్ని కోట్ల ఏళ్లకైనా సముద్రం చప్పబడలేదేం?" అని నా ప్రాణం తీస్తున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, పెరంబూరు

జవాబు: మీవాడి ప్రశ్న బాగుందమ్మా. నదులు తెచ్చేది పూర్తి మంచినీరు కాదని ముందు చెప్పండి. ప్రపంచంలోని నదుల సగటు తీసుకుంటే లీటరుకు సుమారు 120 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. నాలుకకు అవి తెలియవు. సముద్రంలో లీటరుకు 35 గ్రాములు. ఎండకు సముద్రం నుంచి నీరు మాత్రమే పైకి లేస్తుంది, లవణం కిందే ఉండిపోతుంది. ఆ నీరే మళ్లీ వానై, నదై, దారిలో రాళ్లను కాస్త కరిగించుకుని తిరిగొస్తుంది. సముద్రంలో చేరిన నీటి అణువు సగటున 3 వేల ఏళ్లు అక్కడ ఉంటుందని అంచనా. సోడియం, క్లోరిన్ అయితే కోట్ల ఏళ్లు ఉంటాయి. అందుకే అవి అక్కడ పోగుపడ్డాయి. క్లోరిన్‌లో ఎక్కువ భాగం నదులు తెచ్చింది కూడా కాదు, భూమి లోపలి నుంచి అగ్నిపర్వతాల వాయువులతో బయటికొచ్చింది.

మీవాడు ఆగే రకంలా లేడు. "అలాగైతే ఉప్పు పెరుగుతూనే పోవాలి కదా?" అంటాడు. అన్నాడంటే ఎడ్మండ్ హేలీ సరసన కూర్చున్నట్టే. తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఆయనే, సముద్రంలో ఉప్పు ఎంత వేగంగా పెరుగుతోందో కొలిస్తే భూమి వయసు తేల్చవచ్చని 1715లో రాశాడు. 1899లో జాన్ జోలీ అనే ఐరిష్ శాస్త్రవేత్త నిజంగానే సోడియం లెక్క కట్టి 8, 9 కోట్ల ఏళ్లు అన్నాడు. భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లు. జోలీ సముద్రంలోకి వచ్చే ఉప్పును లెక్కేశాడు గానీ పోయే ఉప్పును సరిగా పట్టించుకోలేదు. ఉప్పు కూడా సముద్రం నుంచి బయటికి పోతుంది. కొంత అడుగు బురదలో చిక్కుకుంటుంది, కొంత సముద్రగర్భంలోని వేడి రాళ్లలో కలుస్తుంది. కొంత, ఎండిపోయిన సముద్రాల అడుగున పొరలుగా మిగిలిపోతుంది. సూపర్ మార్కెట్లో హిమాలయన్ పింక్ సాల్ట్ అని అమ్ముతున్నారు చూడండి, అది పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనుల ఉప్పు, 50 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రం ఎండిపోగా మిగిలింది. ప్యాకెట్ మీద మాత్రం ఎక్స్‌పైరీ డేట్ వేస్తారు!

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర, ఉద్యోగం అంబత్తూరులో. సంక్రాంతికి ఊరెళ్తే పులికాట్ నీళ్లు అంత ఉప్పగా ఉండవు. మే నెలలో అవే నీళ్లు సముద్రం కంటే ఉప్పగా ఉంటాయని మా బాబాయి అంటాడు. ఉప్పు వచ్చేదే సముద్రం నుంచి కదా, దానికంటే ఎక్కువ ఎలా అవుతుంది?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మీ బాబాయి చెప్పింది నిజమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆరణి, కాళంగి నదుల నీళ్లు పులికాట్‌లోకి దిగుతాయి. ఉప్పు పల్చబడుతుంది. జనవరి దాటాక నదులు ఆగిపోతాయి, ఎండ మాత్రం ఆగదు. సరస్సు సగటు లోతు మీటరు అటూ ఇటూ. లెక్క వేసి చూడండి: మీటరు లోతు నీళ్లు, లీటరుకు 30 గ్రాముల ఉప్పు. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 60 రోజుల్లో 36 సెంటీమీటర్లు పోతాయి. మిగిలిన 64 సెంటీమీటర్లలో ఉన్నది అదే ఉప్పు. అంటే లీటరుకు 47 గ్రాములు. సముద్రాన్ని దాటేసింది. మీ వైపు రొయ్యల చెరువుల వాళ్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. ఏప్రిల్ వచ్చిందంటే సెలైనిటీ ఎంతుందని రోజూ చూసుకుంటూ టెన్షన్ పడేది అందుకే.

ముఖద్వారం తెరుచుకుని ఉంటే సముద్రపు ఆటుపోట్లు లోపలి నీటిని మారుస్తూ ఉంటాయి, ఉప్పు మరీ హద్దు దాటదు. ఇసుక మేట వేసి మూసుకుపోతేనే చిక్కు. ముఖద్వారాలు పూడిక తీయాలని జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది చేపలు లోపలికి రావాలని మాత్రమే కాదు, ఈ ఉప్పు లెక్క కోసం కూడా.

కొల్లేరుతో పోల్చి చూడండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు కొల్లేట్లోకి వచ్చి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. పోయే దారి ఉంది కాబట్టి కొల్లేరు మంచినీటి సరస్సు. పై నుంచి వచ్చే నీరు తగ్గిన వేసవిలో అదే ఉప్పుటేటి గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది, అప్పుడు కొల్లేటి రైతులు లబోదిబోమంటారు. బయటికి దారే లేని సరస్సు సంగతి ఇంకా తేలిక. రాజస్థాన్‌లోని సాంబర్ సరస్సులో నీళ్లు వస్తాయి, పోవు. ఆవిరవుతాయి. అంతే, ఉప్పు మిగులుతుంది. ఆఫ్రికాలోని చాద్ సరస్సు ఒక్కటే ఈ సూత్రాన్ని వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. బయటికి నది లేదు, అయినా చాలా భాగం మంచినీరే. దాని లవణం భూగర్భ జలాలతో పాటు అడుగు నుంచి జారిపోతూ ఉంటుంది. కంటికి కనిపించకపోయినా అదీ దారే.

మీకు ఓపిక ఉంటే ఒక ఆదివారం ఓఎంఆర్ మీద కేళంబాక్కం నుంచి కోవళం వైపు తిరగండి. రోడ్డుకు అటూ ఇటూ ఉప్పు మడులు, ఇక్కడివాళ్లు ఉప్పళం అంటారు. ల్యాబ్ పని మీద నేను అటువైపు వెళ్లేదాన్ని. మేస్త్రీ చేతిలో గాజు గొట్టంలాంటి హైడ్రోమీటర్ ఒకటి ఉంటుంది, నీళ్లలో వదిలితే నిలువుగా తేలుతుంది, గీతల మీద డిగ్రీలు చదువుతారు. బామే డిగ్రీలవి, నీరు ఎంత చిక్కబడిందో చెప్పే కొలత. సముద్రపు నీరు మూడు, మూడున్నర చూపిస్తుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండబెడితే 13, 14 దాటాక జిప్సం పేరుకుంటుంది, మడి అడుగున గరుకుగా కాలికి తగులుతుంది. 25 వచ్చేసరికి నీళ్ల మీద పల్చటి ఉప్పు తెట్టు కడుతుంది. అప్పుడు వదిలిన మడిలోనే మనం తినే ఉప్పు తయారవుతుంది. 29, 30 దాకా ఆగితే మెగ్నీషియం ఉప్పులు కూడా దిగి మొత్తం చేదవుతుంది కాబట్టి అంతకు ముందే మిగిలిన నీళ్లను వదిలేస్తారు. సముద్రం ఒక్కటే అయినా దానిలోని లవణాలు దిగే వరస ఇలా ఉంటుంది. ఈ వరసే లక్షల ఏళ్ల కిందట ఎండిన సముద్రాల అడుగునా కనిపిస్తుంది: కింద సున్నపు రాయి, దాని మీద జిప్సం, దాని మీద ఉప్పు.

ప్రశ్న: మా అబ్బాయి దోహాలో ఉంటాడు. అక్కడి సముద్రం మన మెరీనా కంటే బాగా ఉప్పగా ఉంటుందట. అంత ఎండకు ఆవిరవుతూనే ఉంటే కొన్నాళ్లకు గల్ఫ్ అంతా ఉప్పు ముద్దైపోదా? ఎందుకు కావడం లేదు?
– ఒక పాఠకురాలు, టి.నగర్

జవాబు: కావడం లేదంటే హోర్ముజ్ జలసంధి పుణ్యం. పర్షియన్ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. ఎండకు ఏడాదికి మీటరున్నరకు పైగా నీరు ఆవిరవుతుంది. వచ్చి పడే నది చెప్పుకోదగ్గది ఒక్క షత్ అల్ అరబ్. అందుకే లీటరుకు 40 గ్రాముల దాకా ఉప్పు. ఉప్పెక్కిన నీరు బరువెక్కుతుంది, బరువెక్కినది అడుగుకు దిగుతుంది. దిగి, హోర్ముజ్ జలసంధి అడుగు వెంట బయటికి జారి, ఒమన్ గల్ఫ్‌లో 200, 300 మీటర్ల లోతుకు చేరి, అక్కణ్నుంచి అరేబియా సముద్రంలో పరుచుకుంటుంది. దాని బదులు పైపొరలో అరేబియా నీరు గల్ఫ్‌లోకి వస్తుంది. పైన లోపలికి, కింద బయటికి. ఒకే ద్వారంలో రెండు ప్రవాహాలు. ఎర్ర సముద్రానికి బాబెల్ మందెబ్ దగ్గరా, మధ్యధరా సముద్రానికి జిబ్రాల్టర్ దగ్గరా ఇదే కథ.

ఇది నమ్మడం కష్టమే. జిబ్రాల్టర్‌లో అట్లాంటిక్ నీరు ఎప్పుడూ లోపలికే వస్తుందని ఓడవాళ్లు వందల ఏళ్లుగా చూస్తున్నారు. వచ్చిన నీరంతా ఏమైపోతోంది? భూమి లోపల సొరంగం ఉందని ఊహించినవాళ్లూ ఉన్నారు. దీన్ని చేత్తో పట్టి చూపించిన మనిషి లూయీజీ మార్సీలీ. ఇటలీలోని బొలోన్యాకు చెందిన కుర్రవాడు. ఇరవై ఏళ్లు దాటిన వయసులో 1679లో కాన్‌స్టాంటినోపుల్ వెళ్లాడు, అదే నేటి ఇస్తాంబుల్. అక్కడ బాస్ఫరస్ జలసంధిలో పైనీరు నల్ల సముద్రం నుంచి మధ్యధరా వైపు పారుతుంది. అయితే లోతుకు వదిలిన వలలు ఎదురు దిక్కుకు లాగుతున్నాయని అక్కడి జాలర్లు ఆయనకు చెప్పారు. ఈయన పడవలోంచి ఒక తాడు దించాడు. తాడుకు అక్కడక్కడా తెల్ల రంగు వేసిన బెండు ముక్కలు కట్టాడు. పై ముక్కలు ప్రవాహంతో పాటు ఒక వైపు కదిలాయి, ఒక లోతు దాటాక కింది ముక్కలు రెండో వైపుకు తిరిగాయి.

అక్కడితో ఊరుకోలేదు. రెండు సముద్రాల నీళ్లు తూచాడు, మధ్యధరా వైపు నీరు బరువని తేలింది. ఒక పెట్టె చేయించి నడిమధ్య అడ్డు పలక పెట్టించాడు. ఒక అరలో బరువు నీరు, రంగు కలిపి. రెండో అరలో తేలిక నీరు. పలకకు అడుగున ఒక కంత, పైన ఒక కంత. తెరవగానే రంగు నీరు కింది కంతలోంచి ఇటు వచ్చింది, రంగు లేని నీరు పై కంతలోంచి అటు పోయింది. 1681లో ఇదంతా స్వీడన్ మాజీ రాణి క్రిస్టీనాకు లేఖగా అచ్చు వేశాడు. సముద్రాన్ని ప్రయోగశాలలోకి తెచ్చిన మొదటి ప్రయోగాల్లో ఇదొకటి. జాలర్ల మాటను కొట్టిపారేయకుండా తాడు దించి చూశాడు, ఆ పని నాకు మరీ నచ్చుతుంది. మీ అబ్బాయి ఈసారి సెలవుకొచ్చినప్పుడు పాత చేపల తొట్టి, రెండు చెంచాల ఉప్పు, కాస్త కుంకుమ రంగుతో ఇంట్లోనే చేసి చూపించమనండి. మనవలు భోజనానికి కూడా లేవరు.

బాస్ఫరస్‌లో దిశ తిరగబడిందని గమనించారా? నల్ల సముద్రంలోకి డాన్యూబ్, నీపర్ లాంటి పెద్ద నదులు కలుస్తాయి. రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ. అందుకని మిగులు నీరు పైనుంచి బయటికి పోతుంది. మధ్యధరాకు ఖర్చే ఎక్కువ, అందుకే పైనుంచి అప్పు తెచ్చుకుంటుంది. ఒక జలసంధిలో పైపొర ఎటు పారుతోందో చెప్తే, లోపలి సముద్రం బతుకు ఎలాంటిదో చెప్పేయవచ్చు.

మీ భయం నిజమైన సందర్భం కూడా ఉంది. సుమారు 60 లక్షల ఏళ్ల కిందట అట్లాంటిక్‌తో మధ్యధరాకు ఉన్న దారి బిగుసుకుపోయింది. ఆరు లక్షల ఏళ్లకు పైగా ఆ సముద్రం కుంచించుకుంటూ, ఉప్పును కిందికి దింపుతూ గడిపింది. 1970లో గ్లోమార్ ఛాలెంజర్ అనే ఓడ సముద్రపు అడుగున బొరియలు వేస్తే జిప్సం, ఉప్పు పొరలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల ఆ పొర మందం కిలోమీటరు పైనే. 53 లక్షల ఏళ్ల కిందట జిబ్రాల్టర్ తెరుచుకున్నాకే మళ్లీ నిండింది.

అది ప్రకృతి చేసిన పని. మనుషులు చేసిందీ ఒకటుంది. కాస్పియన్ సముద్రానికి తూర్పున కారా బొగాజ్ గోల్ అని ఒక పెద్ద అఖాతం. ఎడారి మధ్య లోతు లేని నీరు. కాస్పియన్ నుంచి సన్నని దారి గుండా నీరు అందులోకి వచ్చి ఆవిరైపోయేది. కాస్పియన్ మట్టం పడిపోతోంది, నీరు ఇక్కడ దండగైపోతోంది అని సోవియట్ ఇంజనీర్లు 1980లో ఆ దారికి అడ్డుకట్ట వేశారు. నాలుగేళ్లు తిరగకుండా అఖాతం ఎండిపోయింది. ఉప్పు ధూళి చుట్టుపక్కల పొలాల మీద పడింది. అసలు తమాషా ఏమిటంటే, కాస్పియన్ మట్టం 1978 నుంచే తనంతట తాను పెరగడం మొదలుపెట్టింది. దండగ అనుకున్న ఆ అఖాతం, కాస్పియన్ తన ఉప్పును వదిలించుకునే చోటు. 1992లో కట్ట తెంచేశారు, నీళ్లు మళ్లీ వచ్చాయి. వేసవిలో చెరువులు ఆవిరవుతున్నాయి, ఏదో ఒకటి కప్పేద్దాం అని మన దగ్గరా ఎవరైనా బయల్దేరితే, ముందు ఈ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

ప్రశ్న: మాల్‌లో డెడ్ సీ బాత్ సాల్ట్ అని కొన్నాను. నెల తిరగకుండా డబ్బాలో నీరు కారిపోతోంది. నకిలీదా?
– ఒక పాఠకురాలు, అన్నానగర్

జవాబు: నీరు కారుతోందంటే అసలుదే అయ్యే అవకాశం ఎక్కువ. మృత సముద్రపు లవణంలో సగం దాకా మెగ్నీషియం క్లోరైడే, వంట ఉప్పు వాటా తక్కువ. మెగ్నీషియం క్లోరైడ్ గాల్లోని తేమను పీల్చుకుని కరిగిపోతుంది. చెన్నై గాలి దానికి పండగ. ఉప్పు మడుల్లో చివర వదిలేస్తారని పైన చెప్పిన చేదు నీళ్లలో ఉండేదీ ఇదే. మృత సముద్రం అలా ఎన్నో వేల ఏళ్లుగా వంట ఉప్పును అడుగుకు దించేస్తూ, చేదును దాచుకుంది. లీటరుకు 340 గ్రాములు కరిగిన నీరది, మనిషి మునగాలన్నా మునగలేడు. సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది, ఏడాదికి మీటరు చొప్పున ఇంకా దిగుతోంది. జోర్డాన్ నది నీరు పైనే తోడేస్తున్నారు, దక్షిణాన లవణాల ఫ్యాక్టరీల వాళ్లు మడులు కట్టి మరికొంత ఎండబెడుతున్నారు. డబ్బా మూత గట్టిగా పెట్టుకోండి, అంతకంటే చేయగలిగింది లేదు.

ప్రశ్న: వేళచ్చేరిలో ఉంటాం. 2023 డిసెంబరులో మిచాంగ్‌కు కింది అంతస్తు మునిగింది. అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువ కావడానికి ఉప్పు తక్కువ ఉండటం కారణమని ఎక్కడో చదివాను. ఉప్పుకూ తుఫానుకూ ఏం సంబంధమండీ?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: సంబంధం ఉంది, అయితే కారణాల్లో అదొకటి మాత్రమే.

ఒకే అక్షాంశాల్లో పక్కపక్కన ఉన్న రెండు సముద్రాలు ఇంత వేరుగా ఉండటం విచిత్రమే. అరేబియాలో ఆవిరయ్యేది ఎక్కువ, వానా నదులూ తెచ్చేది తక్కువ. లీటరుకు 36 గ్రాములు దాటుతుంది. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలుస్తాయి, పైనుంచి కుండపోత. వర్షాకాలం అయ్యేసరికి ఉత్తర భాగంలో పైపొర ఉప్పు 30 గ్రాముల కిందికి దిగుతుంది. ఈ తేలిక నీరు బరువు నీటి మీద పల్చటి పొరగా నిలబడిపోతుంది, కిందిదానితో తొందరగా కలవదు.

మామూలుగా తుఫాను తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. గాలి సముద్రాన్ని చిలికితే లోతులోని చల్లటి నీరు పైకి వస్తుంది, వేడి తగ్గుతుంది, తుఫానుకు బలం అందదు. బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత ఆ చిలకడం అంత సులభం కాదు. పైన ఉప్పు తక్కువ పొర. దాని కింద ఉప్పు ఎక్కువే అయినా వెచ్చగానే ఉన్న ఇంకో పొర. శాస్త్రవేత్తలు దీన్ని అడ్డుపొర అంటారు. చల్లటి నీరు దాని కింద ఉండిపోతుంది. గాలి ఎంత చిలికినా పైకి వచ్చేది వెచ్చని నీరే. పైపొర 28 డిగ్రీలకు పైనే నిలబడి తుఫానుకు మేత వేస్తూ ఉంటుంది.

ఇంకో సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. గంగా, గోదావరుల పల్చటి నీరు విశాఖ, మచిలీపట్నం, చెన్నై మీదుగా శ్రీలంక చుట్టూ తిరిగి అరేబియా వైపు పోతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి ప్రవాహం దిశ మారి ఉత్తరానికి పారుతుంది. అంటే నవంబరులో ఇలియట్స్ బీచ్‌లో మీ కాళ్లు తడిపిన నీటిలో మన ఊరి నది నీరు కూడా కొంత ఉంటుంది. పళ్లికరణైలోని ఎన్.ఐ.ఓ.టి. (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు సముద్రంలో లంగరు వేసిన బోయాలు, ఆర్గో అనే తేలే యంత్రాలు ఈ ఉప్పును, వేడిని కొలిచి పంపుతూనే ఉంటాయి. ఆర్గో 2 వేల మీటర్ల లోతుకు మునిగి, కొలుచుకుంటూ పైకి తేలి, ఉపగ్రహానికి కబురు పెట్టి మళ్లీ మునుగుతుంది.

మీ కింది అంతస్తు మునిగిన లెక్క వేరు. అది సముద్రపు ఉప్పు తప్పు కాదు, చిత్తడి నేలలో ఇళ్లు కట్టిన మనది. ఈ మధ్య అరేబియా కూడా వేడెక్కి తుఫాన్లను పెంచుతోంది, కాబట్టి ముంబై చుట్టాల దగ్గరికి పోదాం అనుకోకండి.

ప్రశ్న: గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతోందని, రెండేళ్లలో ప్రపంచమంతా మంచుయుగం వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?
– రిటైర్డ్ ఉద్యోగి, విల్లివాక్కం

జవాబు: ఫార్వర్డ్ చేసే ముందు అడిగారు, సంతోషం. గల్ఫ్ స్ట్రీమ్ అంటే అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పారే వెచ్చటి సముద్ర ప్రవాహం. దాన్ని ప్రధానంగా నడిపేవి గాలులు, భూభ్రమణం. అవి ఉన్నంతకాలం అదీ ఉంటుంది. బలహీనపడే అవకాశం ఉన్నది ఇంకోటి, అట్లాంటిక్‌లో పైన ఉత్తరానికి పోయి, లోతున దక్షిణానికి తిరిగొచ్చే పెద్ద ప్రవాహం. అట్లాంటిక్‌లో ఉష్ణమండలపు గాలులు నీటి ఆవిరిని మధ్య అమెరికా మీదుగా పసిఫిక్ వైపు మోసుకుపోతాయి. అట్లాంటిక్ నీరు కోల్పోతుంది, ఉప్పు దానికే మిగులుతుంది. ఆ ఉప్పు నీరు ఉత్తరానికి పోయి గ్రీన్‌లాండ్, నార్వే దగ్గర చల్లబడుతుంది. చలికి తోడు ఉప్పు కూడా ఉండటంతో బరువెక్కి రెండు, మూడు కిలోమీటర్ల లోతుకు దిగి దక్షిణానికి పారుతుంది. పసిఫిక్ ఉత్తరాన చలి ఉన్నా ఉప్పు చాలదు, అక్కడ నీరు అలా లోతుకు దిగదు. 2004 నుంచి 26 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పరికరాలు దించి అట్లాంటిక్ ప్రవాహాన్ని కొలుస్తున్నారు. సెకనుకు దాదాపు 170 లక్షల ఘనపు మీటర్లు. ప్రపంచంలోని నదులన్నీ కలిపినా అందులో పదో వంతు లేవు.

గ్రీన్‌లాండ్ మంచు కరిగి మంచినీరు పైన పరుచుకుంటే ఆ దిగడం మందగిస్తుంది. ఈ శతాబ్దంలో అది బలహీనపడటం దాదాపు ఖాయమని, 2100లోపు ఒక్కసారిగా కుప్పకూలదని మాత్రం ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమని 2021లో ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం) నివేదిక రాసింది. చెన్నైకి స్వెట్టర్లు అక్కర్లేదు. మనకు సంబంధించిన భయం వానలది. సుమారు 12,900 ఏళ్ల కిందట ఉత్తర అట్లాంటిక్ ఒక్కసారిగా చల్లబడినప్పుడు మన రుతుపవనాలు కూడా బలహీనపడ్డాయి.

ప్రశ్న: మా ఇల్లు నెమ్మేలికి దగ్గర. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మిగిలిన ఉప్పు నీటిని తిరిగి సముద్రంలోకే వదులుతుంది. సముద్రం ఇంకా ఉప్పెక్కదా? మా ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉంది, దాంతో కొలవవచ్చా?
– ఒక పాఠకుడు, ఈసీఆర్

జవాబు: రెండు ప్రశ్నలూ పనికొచ్చేవే. నెమ్మేలిలో 2013లో వచ్చిన మొదటి ప్లాంటు సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్లు, 2024లో వచ్చిన రెండోది 15 కోట్లు. మొత్తం 25 కోట్లు. చదరపు కిలోమీటరు సముద్రం నుంచి రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 50 లక్షల లీటర్లు. అంటే రెండు ప్లాంట్లూ కలిసి తయారుచేసే మంచినీరంత నీటిని, ఏడు కిలోమీటర్ల పొడవు, ఏడు కిలోమీటర్ల వెడల్పు ఉన్న సముద్రం మీది ఎండ ఏ కరెంటు బిల్లూ లేకుండా తీసేసుకుంటోంది. పైగా మనం వాడిన నీటిలో కొంత కూవం, అడయారు దారిన తిరిగి సముద్రానికే పోతుంది, ఏ అవతారంలో పోతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి బంగాళాఖాతం మొత్తం ఉప్పెక్కుతుందన్న బెంగ వద్దు.

పైపు చివర సంగతి వేరు. అక్కడ బయటికొచ్చే నీటిలో లీటరుకు సుమారు 60 గ్రాముల ఉప్పు ఉంటుంది. మార్సీలీ పెట్టెలో చూసినట్టే అది అడుగుకు దిగుతుంది. చిన్న చిన్న రంధ్రాల నుంచి జోరుగా చిమ్మి కలిపేయకపోతే అడుగు మీద దుప్పటిలా పరుచుకుని, అక్కడి పీతలకూ నత్తలకూ ఊపిరాడనివ్వదు. ఎవరైనా నిలదీయాల్సింది ఈ చోటు గురించి. సముద్రం ఎంత పెద్దదో చెప్పి తప్పించుకునే అధికారినీ, సముద్రమంతా పాడైపోయిందనే ఉపన్యాసకుడినీ ఒకే గాటన కట్టవచ్చు.

మీ టీడీఎస్ మీటర్ పనికిరాదు. ఇంట్లో వాడేవి చాలావరకు లీటరుకు 9990 మిల్లీగ్రాముల దాకే చూపిస్తాయి, సముద్రపు నీరు 35 వేలు. రొయ్యల చెరువుల సామాను అమ్మే షాపులో, ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటర్ అడగండి. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచేసుకుని, తర్వాత మీ నీటి చుక్కలు రెండు గాజు పలక మీద వేసి మూత వాల్చండి. వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. నీళ్లు మాత్రం పైన ముంచి తేకండి. సీసాకు అడుగున బరువు కట్టి, బిరడాకు విడిగా దారం కట్టి, తెలిసిన జాలరి పడవలో వెళ్లి అడుగు దాకా దించాక దారం లాగండి. పైపు దగ్గర ఒకటి, కిలోమీటరు దూరంలో ఒకటి, రెండు శాంపిళ్లూ ఒకే రోజు తీయాలి. ఒడ్డున నిలబడి పట్టిన సీసా మీద ల్యాబ్‌లో ఉన్నప్పుడూ నాకు నమ్మకం ఉండేది కాదు, ఇప్పుడూ లేదు.